పెదనాన్న అమ్మిన స్వీడన్ కార్లు

శుక్రవారం దోహాలోని అబూ హమూర్‌లో చర్చి ఆరాధన ముగించుకుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని బస్సు వైపు నడుస్తుంటే నర్సాపురం నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది. "మీ పెదనాన్న వెళ్ళిపోయారమ్మా. అన్నం తిని, పడక్కుర్చీలో వాలారు. మజ్జిగ ఇద్దామని లేపితే లేవలేదు" అంది. ఆ వెంటనే, "మనింట్లోనే పోయారే" అంది.

ఆ చివరి మాటకి నాకు ఏడుపు కంటే ముందు ఊపిరి వచ్చింది. గల్ఫ్‌లో బతికినవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఇక్కడ మనిషి పోతే విమానంలో పెట్టె వెళుతుంది. ఆ పెట్టె కోసం ఊళ్ళో రోజుల తరబడి ఎదురుచూస్తారు. ఆయన ఇక్కడున్న చివరి రోజుల్లో మా ఇంట్లో అందరికీ ఉన్న భయం అదే. ఆ భయం తీరిపోయింది కాబట్టే ఇవాళ ఆయన గురించి నిమ్మళంగా రాయగలుగుతున్నాను.

మా నాన్నకి అన్నయ్య ఆయన. దోహాలో ఒక కార్ల షోరూంలో సేల్స్‌మన్‌గా చేసేవారు. వాళ్ళకి పిల్లల్లేరు. నేను నర్సింగ్ చదివి అల్ సద్‌లోని ఒక క్లినిక్‌లో చేరినప్పుడు నన్ను మదీనత్ ఖలీఫాలోని తమ పోర్షన్‌లో పెట్టుకుని కూతురిలా చూసుకున్నారు. నలిగిన చొక్కాతో ఆయన గుమ్మం దాటడం నేను చూడలేదు. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు ఏలకులుండేవి. కస్టమర్ కోపంగా వస్తే ముందు ఒక ఏలక్కాయ ఇచ్చేవారు. "నోట్లో ఏలక్కాయ ఉన్నవాడు పెద్దగా అరవలేడు" అనేవారు.

ఆయన అమ్మింది స్వీడన్ దేశపు కారు. ఇప్పుడా కంపెనీ లేదు. దాని పేరు చెబితే మా క్లినిక్‌లో కుర్రవాళ్ళు అది కారా, ఫర్నిచరా అని అడుగుతారు. ఆ కారు కథ పెదనాన్న నోట ఎన్నిసార్లు విన్నానో. వాళ్ళు మొదట విమానాలు చేసేవాళ్ళట. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక విమానాలకి గిరాకీ తగ్గి, ఆ ఇంజనీర్లే కారు చెయ్యడానికి కూర్చున్నారు. వాళ్ళలో కారు చేసిన అనుభవం ఉన్నవాళ్ళే తక్కువ. అందుకే అది విమానం రెక్కలా, నీటిబొట్టులా గుండ్రంగా వచ్చింది. తొలి రోజుల్లో మన పాత స్కూటర్లకి పోసినట్టే పెట్రోల్లో ఆయిల్ కలిపి పొయ్యాల్సి వచ్చేది. "తెలియనివాళ్ళు చేశారు గనకే బాగా చేశారు. తెలిసినవాళ్ళయితే పక్కవాడి కారు చూసి చేసేవాళ్ళు" అనేవారాయన.

పెదనాన్న దోహా వచ్చేనాటికి ఆ కారు మంచి ఊపులో ఉంది. డాక్టర్లు, ప్రొఫెసర్లు, ఇళ్ళ నమూనాలు గీసేవాళ్ళు, నలుగురు కొనేది కొనడం ఇష్టంలేనివాళ్ళు దాన్ని కొనేవాళ్ళు. దాని తాళంచెవి పెట్టే చోటు స్టీరింగ్ పక్కన ఉండదు, రెండు సీట్ల మధ్య కిందుగా ఉంటుంది. కొత్త కస్టమర్‌ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, చేతికి తాళం ఇచ్చి, పెదనాన్న ఏమీ చెప్పకుండా పక్కన కూర్చునేవారు. ఆ మనిషి స్టీరింగ్ చుట్టూ తడుముతుంటే కిటికీలోంచి బయటికి చూసేవారు. వెతుక్కుని నవ్వినవాడు కొంటాడు, విసుక్కున్నవాడు కొనడు అని ఆయన లెక్క.

ఆ కారులో సీటు వేడెక్కే బటన్ ఉండేది. చలిదేశం వాళ్ళ ఆలోచన. మండిపోయే దోహాలో దాన్నెవరు కొంటారని తోటి సేల్స్‌మన్లు ఎగతాళి చేస్తే, ఈయన నడుంనొప్పి ఉన్నవాళ్ళకి చూపించడం మొదలుపెట్టారు. ఎదురుగా చల్లటి ఏసీ, వెనక వెచ్చటి కాపడం. ఒక లెబనాన్ పళ్ళ డాక్టరు కారు సంగతి ఏమీ అడక్కుండా ఆ సీటు కోసమే కొన్నాడట.

తరవాత ఒక పెద్ద అమెరికన్ కంపెనీ దాన్ని కొనేసింది. క్రమంగా లోపలి భాగాలు వేరే కార్లవి రావడం మొదలైంది. పైకి పాత ముఖమే, లోపల మాత్రం ఎవరివో పేగులు అని పెదనాన్న బాధపడేవారు. కొనేవాళ్ళు తగ్గారు. మూసేస్తారట, అమ్మేస్తారట అని పుకార్లు. సరిగ్గా అప్పుడు ఒక పెద్దావిడ షోరూంకి వచ్చారు.

ఆవిడ ఇక్కడి ఆడపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్. వాళ్ళ ఇంట్లో తన కారు తను నడుపుకున్న మొదటి ఆడమనిషి. నల్లటి అబాయా, చేతిలో బడి పిల్లల కాంపోజిషన్ల కట్ట. సీట్లో కూర్చుని, తాళం కోసం స్టీరింగ్ దగ్గర చూడనైనా చూడకుండా నేరుగా సీట్ల మధ్య పెట్టారట. "మీకెలా తెలుసు?" అని పెదనాన్న అడిగితే, "పిల్లలు ఏదైనా దాచేది చేతికి దగ్గరలోనే కదా" అన్నారట. అంతా చూశాక ఒకే ప్రశ్న వేశారు. ఈ కంపెనీ రేపు ఉంటుందా?

పెదనాన్న అబద్ధం చెప్పదలుచుకోలేదు. తనకొచ్చిన నర్సాపురం యాస అరబ్బీలో, "కంపెనీ సంగతి దేవుడికి తెలుసు. నేనుంటాను" అన్నారు.

ఆవిడ కొన్నారు. అప్పటికి ఆ మాట ఎంత బరువో ఆయనకి కూడా తెలియదనుకుంటాను.

నేను దోహా వచ్చిన కొద్ది నెలలకే ఆ కంపెనీ పూర్తిగా మునిగిపోయింది. ఆ పూట నాకింకా గుర్తు. పెద్దమ్మ చేపల పులుసు వడ్డిస్తుంటే పెదనాన్న కంచం ముందు కూర్చుని, "ఫ్యాక్టరీ మూసేశారంట" అన్నారు, దూరపు చుట్టం ఎవరో పోయినట్టు. పెద్దమ్మ గరిట పట్టుకుని నిలబడిపోయింది. మన ఉద్యోగమో అని అడిగింది. ఓనర్లకి వేరే కార్లున్నాయి, నాకేం భయం లేదు అన్నారాయన. అన్నం మాత్రం సగంలోనే లేచారు. మర్నాడు ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్ళారు. బోర్డు దించుతుంటే చూసి, లోపలికి వెళ్ళి కొత్త కార్లు అమ్మడం మొదలుపెట్టారు. అవీ మంచి కార్లేనని ఒప్పుకునేవారు. "అన్నీ కారే చెప్పేస్తుంది అమ్మాయ్. వెతుక్కునే పని లేదు" అనేవారు.

అక్కణ్ణించి ఫోన్లు మొదలయ్యాయి. పాత కస్టమర్లందరికీ ఆయన నంబరే తెలుసు. అద్దం పగిలింది, పంపు పోయింది, ఆ పార్టు ఎక్కడ అడిగినా 'మాఫీ', అంటే లేదు, అంటున్నారు, ఏం చెయ్యాలి? కంపెనీ మూతపడ్డాక తనకి సంబంధం లేదని ఆయన అనొచ్చు. అనలేదు. "అమ్మేదాకా బేరం, అమ్మాక బంధుత్వం" అనేవారు. సెలవు పూట ఇండస్ట్రియల్ ఏరియాలో పాత బళ్ళ యార్డుల వెంట తిరిగేవారు. తోడుగా జగిత్యాల నుంచి వచ్చిన ఒక మెకానిక్ ఉండేవాడు. ఇద్దరూ కలిసి ఒక బండి పార్టు తీసి ఇంకో బండికి వేసేవాళ్ళు.

పెదనాన్నకి సొంతానికి కూడా అదే కారు ఉండేది, ఆలివ్ రంగుది. యార్డులో దొరకని పార్టుల కోసం దాన్నే విప్పడం మొదలుపెట్టారు. ముందు ఎడమ అద్దం ఒక ఈజిప్టు ఇంజనీరు బండికి వెళ్ళింది. తరవాత రేడియేటరు, సీటు బెల్టు, హెడ్‌లైటు. చివరికి మా ఇంటి ముందు డొల్ల మిగిలింది. ఆయన బస్సులో, ఆ తరవాత మెట్రోలో తిరిగారు. పెద్దమ్మ ఒకసారి ఆ డొల్ల మీద దుప్పట్లు ఆరేసి, "ఇన్నాళ్ళకి నాకూ పనికొచ్చింది" అంది. ఆయన నవ్వి, దుప్పటి అంచు సరిచేసి వెళ్ళారు.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కార్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కొందరు దేశం విడిచి వెళ్ళారు, కొందరు కొత్తవి కొనుక్కున్నారు. చివరికి ఆ హెడ్‌మిస్ట్రెస్ గారి కారొక్కటే మిగిలింది. మోకాళ్ళ బాధకి ఇక్కడి మెట్లు పడక పెద్దమ్మ నర్సాపురం వెళ్ళిపోయింది. పెదనాన్నకి రిటైరయ్యే వయసు దాటినా, షోరూం వాళ్ళు ఉద్యోగం ఏడాదికేడాది పొడిగిస్తూ వచ్చారు. ఊరికి వచ్చెయ్యండి అని పెద్దమ్మ ఫోన్‌లో అడిగిన ప్రతిసారీ, "ఆవిడ బండి నడుస్తోంది కదే" అనేవారు. అందులో మొండితనమేమీ వినపడేది కాదు. వంట పొయ్యి మీద ఉంది, దించి వస్తాను అన్నంత మామూలుగా అనేవారు.

కిందటి వేసవిలో నేను డ్యూటీలో ఉండగా మెకానిక్ ఫోన్ చేశాడు. "సార్ యార్డుల పడిపోయిండు అక్కా. ఇప్పుడు నీళ్ళు తాగిండు, మంచిగనే మాట్లాడుతుండు. మీరు జల్ది రాండ్రి."

ఎండదెబ్బ అనుకున్నాం. పరీక్షలు చేస్తే గుండె బాగా బలహీనపడిందని తేలింది. నర్సునైన నాకు ఆ కాగితాలు చూడగానే అర్థమైపోయింది. ఇంటికెళ్ళి భార్య దగ్గర విశ్రాంతిగా ఉండండి అని డాక్టరు నేరుగానే చెప్పారు. పెదనాన్న బుద్ధిగా తలూపారు. టాక్సీ ఎక్కాక మాత్రం, ఆవిడ బండి ఏసీ కంప్రెసర్ ఒకటి దుబాయ్‌లో దొరికిందని, వచ్చే వారం వస్తుందని, అది వేయించాక ఆలోచిద్దామని అన్నారు. నేను కోప్పడ్డాను. పెద్దమ్మ ఏడ్చింది. మెకానిక్ వచ్చి మంచం పక్కన కూర్చుని, "గా బండిని నేను జూసుకుంట సార్, మీరు పోండ్రి" అని బతిమాలాడు. వాడుండే లేబర్ క్యాంప్‌లో అంతకు కొద్దికాలం ముందే ఒకతను నిద్రలో పోయాడు. వాడి భయం వాడిది. ఎవరు చెప్పినా పెదనాన్న జవాబు ఒక్కటే. "ఉంటానని చెప్పింది నేను కదరా."

ఆ కంప్రెసర్ వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ గారు బండి తీసుకుని గ్యారేజీకి వెళ్ళినప్పుడు, ఎప్పుడూ దగ్గరుండే మనిషి ఏడని అడిగారట. మెకానిక్ దాచలేదు. ఆయన పడిపోవడం, డాక్టరు చెప్పింది, ఆయన వెళ్ళనంటున్నది, ఎందుకంటున్నది, తనకొచ్చిన అరబ్బీలో, మిగతాది హిందీలో చెప్పేశాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆవిడ మదీనత్ ఖలీఫాలో మా గుమ్మం ముందు దిగారు. చప్పుడు లేని కొత్త ఎలక్ట్రిక్ కారు. నడిపింది మనవరాలు. చేతిలో ఖర్జూరాల పళ్ళెం. పెదనాన్న కంగారుగా లేచి చొక్కా తొడుక్కోబోతే వద్దని సైగ చేసి, ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. కుశలం అడిగారు. నేనిచ్చిన టీ పూర్తిగా తాగారు. అప్పుడు మొదలుపెట్టారు. బండిని తన ఇంటి పెరట్లో చెట్టు కింద పెట్టించానని, ఇక తాను నడపనని, మునిమనవలు అందులో ఎక్కి ఆడుకుంటున్నారని చెప్పారు.

పెదనాన్న ముఖం చూశాను. "బ్యాటరీ తీయించారా? పిల్లలు కదా" అని అడిగారు ముందుగా.

తీయించానన్నారావిడ. "యా అఖీ, తమ్ముడూ, నువ్వు ఉంటానన్నావు. ఉన్నావు. నా బండికి ఇక ఏమీ అక్కర్లేదు. నీ గ్యారంటీ ఖలాస్. ఇంటికి వెళ్ళు."

ఏలక్కాయ కోసమేమో పెదనాన్న చెయ్యి జేబు దగ్గరికి వెళ్ళింది. వేసుకున్నది బనియను, జేబు లేదు. ఆ చేతినే గుండె మీద పెట్టుకుని, ఇక్కడివాళ్ళు మర్యాదగా చేసే తీరులో తల వంచారు. ఆవిడా అలాగే వంచారు. వాకిలి దాకా సాగనంపుతుంటే మనవరాలు నా చెవిలో చెప్పింది, నానమ్మ చూపు బాగానే ఉంది, ఇంకా కొన్నేళ్ళు హాయిగా నడపగలదు అని. నేను పెదనాన్నకి ఆ మాట చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఇప్పటికీ కనబడదు.

మర్నాడు ఎండెక్కేదాకా ఆయన లేవలేదు. భయపడి తలుపు తట్టాను. నవ్వుతూ తీశారు. "ఫోన్ మోగుతుందేమోనన్న బెంగ లేకుండా పడుకున్నానమ్మాయ్. ఇంత నిద్ర మిగిలి ఉందని నాకే తెలీదు" అన్నారు. నెల తిరక్కుండా షోరూం వాళ్ళు కాగితాలు పూర్తిచేసి పంపించారు. ఆలివ్ రంగు డొల్లని మున్సిపాలిటీ లారీ ఎక్కించేటప్పుడు దగ్గర నిలబడి, డ్రైవర్‌తో ఏదో కబుర్లు చెబుతూ గడిపారు. విమానాశ్రయంలో లోపలికి వెళ్తూ ఒక్కసారే వెనక్కి తిరిగి చెయ్యి ఊపారు. చక్రాల కుర్చీలో కాదు, పెట్టెలో కాదు, తన కాళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళారు. ఆ నడకని నేను కళ్ళారా చూశాను. అంతకు మించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

ఇంట్లో ఆయనకి పోయినేడు చలికాలం, ఈ వేసవి దక్కాయి. పెద్దమ్మకి కూరగాయలు తరిగిపెట్టడం నేర్చుకున్నారట. చేప కొనేటప్పుడు మాత్రం అమ్మేవాళ్ళని వదిలేవారు కాదట, ఎక్కడ పట్టారు, ఎలా పట్టారు అని వాళ్ళ కథంతా విన్నాకే బేరమట. ఆయన పోయిన కబురు చెప్పడానికి మెకానిక్‌కి ఫోన్ చేశాను. "ఇంటికాడ పోయిండు గద అక్కా. మంచిగయింది" అన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ గారికి చెబితే వాళ్ళ పద్ధతిలో ఒక ప్రార్థన చెప్పి, తమ్ముడు ఏ ఊళ్ళో ఉన్నాడని అడిగారు. నర్సాపురం అన్నాను. ఆ పేరు రెండుసార్లు పలికి సరిచూసుకున్నారు.

పోయిన నెల పెద్దమ్మ ఒక వీడియో పంపింది. సఖినేటిపల్లి వెళ్ళడానికి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కారు ఇద్దరూ. మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, బడి పిల్లల సైకిళ్ళు. వాటి మధ్య పెదనాన్న, నలిగిన చొక్కాతో, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. గోదావరి గాలికి చొక్కా వీపు మీద ఉబ్బి ఊగుతోంది. ఇటు చూడండి అని పెద్దమ్మ పిలుస్తోంది. ఆయన తిరగడం లేదు. పంటు నెమ్మదిగా కదులుతోంది, అవతలి ఒడ్డు ఇంకా దూరంగానే ఉంది, ఆయనకి తొందరేమీ ఉన్నట్టు లేదు.