పూలు కుట్టే మిషను

సూదిలో దారం ఎక్కించడం రానివాళ్ళు కుట్టుమిషను ఎంచితే ఎలా ఉంటుందో నేను కళ్ళారా చూశాను. చూసి ఊరుకోలేదు, ఏకగ్రీవం అని రాసి కింద సంతకం కూడా పెట్టాను.

డెబ్బైల చివర్లో నేను విశాఖపట్నం పోర్టులో టైపిస్టుని. సాయంత్రాలు ఖాళీ. మా చర్చి స్త్రీల సమాజానికి నన్ను కార్యదర్శిని చేశారు. భక్తి ఎక్కువని కాదు, చేతిరాత బాగుంటుందని. ఆ సమాజం చేసే పనుల్లో పనికొచ్చేది ఒక్కటే. బొంతలు. పల్లెల నుంచి ఆసుపత్రికి పురిటికొచ్చిన ఆడవాళ్ళు ఇంటికి వెళ్ళేటప్పుడు పసిబిడ్డకో బొంత ఇచ్చి పంపేవాళ్ళం. మిగతా వేళల్లో సమాజం చేసేదల్లా టీ తాగడం, రాని వాళ్ళ గురించి మాట్లాడుకోవడం.

ఆ బొంతలన్నీ కుట్టేది ఒకే మనిషి. సబ్బవరం దగ్గర పల్లె ఆవిడది. చిన్నతనంలోనే భర్త పోతే ఊరొదిలి వచ్చి, ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయింది. అందరం మామ్మ అనేవాళ్ళం. పైనా కిందా మెత్తబడ్డ నూలు చీర, మధ్యలో పాత పంచెలు, దుప్పట్లు, మొత్తం ఆరు పొరలు. అంచు మడిచిన చోట ఎనిమిది. ఇవన్నీ చర్చి పక్క గదిలో ఉన్న పాత నల్లటి తొక్కుడు మిషను మీద కుట్టేది. ఆ మిషను ఎప్పుడో దొరలు వదిలి వెళ్ళింది. సూది దగ్గర గుడ్డని నొక్కిపట్టే దాని పాదం కింద చెప్పు పెట్టినా కుట్టేస్తుందని మామ్మ నమ్మకం.

ఒక వానాకాలంలో అది ఆగిపోయింది. మిషన్లు బాగుచేసే ఆయన విప్పి చూసి, లోపల ఇరుసు అరిగిపోయిందనీ, ఆ సామాను ఇప్పుడు ఎక్కడా దొరకదనీ చెప్పాడు. కొత్తది కొనాలి.

కొనడానికి ఒక కమిటీ వేశారు. అధ్యక్షురాలు, పాస్టరుగారి భార్య, రేవులో సరుకు దింపించే కాంట్రాక్టరు ఒకాయన, నేను. మిషను తన తల్లి జ్ఞాపకార్థం తానే కొనిస్తానన్నాడు కాంట్రాక్టరు. అధ్యక్షురాలు ఆయన భార్యే. ఊడిన గుండీ కుట్టించడానికి కూడా మనిషిని పిలిపించే ఇల్లు వాళ్ళది. పాస్టరుగారి భార్య మంచిదే, కానీ ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ళ మాటే ఆవిడకు నచ్చేది. మామ్మని కమిటీలో వేద్దామని నేనన్నాను.

"ఆవిడ కుట్టే మనిషి కదమ్మా, సెలెక్షన్ ఆవిడకేం తెలుస్తుంది?" అంది అధ్యక్షురాలు. అది హాస్యం కాదు, నిజంగానే అంది. నేను రాసుకున్నాను.

బయల్దేరే ముందు మామ్మ నన్ను చర్చి గేటు దగ్గర ఆపి, మడిచి అంచు కుట్టిన ఆరు పొరల ముక్కొకటి చేతిలో పెట్టింది.

"పాపా, ఇది పట్టికెల్లు. సూది దీంట్లోంచి దిగితేనే కొనమని సెప్పు. నేకపోతే ఒగ్గేసి వచ్చీండి."

సంచిలో వేసుకున్నాను.

పూర్ణామార్కెట్ దగ్గర దుకాణం. మమ్మల్ని చూడగానే అమ్మకాల కుర్రాడు కుర్చీలు వేయించి, కూల్ డ్రింకులు తెప్పించి, లేత నీలం రంగు మిషను ఒకటి ముందుకు లాగాడు. పల్చటి మల్లు గుడ్డ ముక్క పాదం కింద పెట్టి ఒక మీట తిప్పి తొక్కాడు. గుడ్డ మీద వరసగా పూలు పడ్డాయి. మరో మీట తిప్పాడు, ఆకులు పడ్డాయి. ఇంకోటి తిప్పాడు, బాతులు.

"అబ్బ!" అంది అధ్యక్షురాలు. "బాతులు చూడండి!"

ఆసుపత్రిలో కటిక నేల మీద పడుకునే పసిగుడ్డుకి బాతులెందుకో నాకు అర్థం కాలేదు. కాంట్రాక్టరుకి బాతులు కూడా పట్టలేదు. ఆయన మిషను చుట్టూ తిరుగుతూ చెక్క బల్లని వేళ్ళతో కొలుస్తున్నాడు. "పేరు ఇక్కడ రాయించొచ్చా? రెండు లైన్లు పడతాయా?" అని కుర్రాడిని అడిగాడు. ఆ మూల ఇనుప కాళ్ళ మీద నల్లటి బరువైన మిషను ఉంది. నేను దాన్ని చూపించి అడిగితే కుర్రాడు, "అది ప్యాంట్లు కుట్టే టైలర్లు పట్టుకెళ్తారండి, మీలాంటోళ్ళకి కాదు" అన్నాడు. పాపం, వాడొక్కడే ఆ రోజు నిజం చెప్పాడు. కాంట్రాక్టరు ఆ మిషను వైపు చూసి, బల్ల ఇరుకు, పేరు పట్టదన్నాడు.

అప్పుడు నేను సంచిలోంచి మామ్మ ముక్క తీసి బల్ల మీద పెట్టాను. "దీని మీద ఒకసారి తొక్కి చూపించండి" అన్నాను.

అధ్యక్షురాలి ముఖం మాడిపోయింది. "ఆ పాత గుడ్డలు ఇక్కడెందుకు తీశావమ్మా? ఏమనుకుంటారు?" అని నెమ్మదిగా అంటూ, తన తోలు హ్యాండ్‌బ్యాగు తీసి సరిగ్గా దాని మీద పెట్టింది. పాస్టరుగారి భార్య నవ్వింది. కుర్రాడు ఇంకో వరస పూలు కుట్టాడు.

నేను హ్యాండ్‌బ్యాగు కింద నుంచి ఆ ముక్కని మెల్లగా లాక్కుని సంచిలో పెట్టేసుకున్నాను. అంతే. అంతకు మించి ఒక్క మాట అనలేదు. నాకు కొద్దో గొప్పో కుట్టుపని తెలుసు, ఆ సన్నటి సూది చూడగానే ఇది కాదని తెలుసు, అయినా కూల్ డ్రింకు పూర్తిగా తాగి, ఆ నీలం మిషనునే ఏకగ్రీవంగా ఎంచామని మినిట్స్ రాశాను. ఆ నలుగురిలోనూ నాకెక్కువ రోత పుట్టించే మనిషి నేనే. వాళ్ళకి తెలియదు, నాకు తెలుసు.

మిషను వచ్చిన ఆదివారం పెద్ద హడావుడి. రిబ్బను, ప్రార్థన, కేకు. బల్ల అంచున తెల్ల రంగుతో ఆ తల్లిగారి పేరు రెండు లైన్లలో, బైబిలు వాక్యం మూడో లైన్లో. ఫోటో తీసేవాడికి బాగా కనబడాలని మిషనుని కిటికీ వైపు తిప్పారు. ఆ తర్వాత మామ్మని పిలిచి తొలి బొంత మొదలుపెట్టమన్నారు.

మామ్మ కూర్చుని పాదం ఎత్తింది. ఆరు పొరలు దాని కిందికి దూరలేదు. వేలితో నొక్కి నొక్కి ఎలాగో తోసి, చక్రం చేత్తో తిప్పింది. రెండు కుట్లు పడ్డాయి, మూడోది పడలేదు. తొక్కగానే సూది వంగి పలకకి తగిలి టప్పున విరిగింది. కొత్త సూది ఎక్కించారు. అదీ విరిగింది. ఆ ముక్క ఎగిరి కేకు పళ్ళెంలో పడింది.

"ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట," అని అధ్యక్షురాలు అందరూ వినేలా నవ్వింది. "చెయ్యి బరువు మామ్మా నీది. ఇది ఫారిన్ టైపు. సున్నితంగా తొక్కాలి."

మామ్మ లేచి నిలబడింది. "నా సెయ్యి బరువేనమ్మా. వందల మంది బిడ్డల్ని ఎత్తింది. మీ మిషనుకి బొంత బరువయ్యింది, అదీ కత" అని, గుడ్డలు మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇక్కడితో ఆగినా బాగుండేది. ఆ వారం కమిటీ మళ్ళీ కూర్చుంది. మిషను మారుద్దామా అని కాదు. కాంట్రాక్టరు తల్లి పేరు రాసిన మిషనుని వెనక్కి ఇచ్చే ధైర్యం ఎవరికుంది? చెప్పులు పట్టలేదని కాళ్ళు కోసుకున్నట్టు, ఇక మీదట బొంతలు రెండే పొరలతో కుట్టాలనీ, అంచుకి పూలు వేయాలనీ తీర్మానించారు. "తేలిగ్గా ఉంటుంది, ఉతకడం కూడా ఈజీ" అంది పాస్టరుగారి భార్య. తీర్మానం నా ముందుకి వచ్చింది. పెన్ను మూత పెట్టి, నేను రాయనన్నాను. ఒంట్లో బాగాలేదా అని అడిగారు. బాగానే ఉందని చెప్పి, పుస్తకం అక్కడే వదిలేసి వచ్చేశాను. దుకాణంలో చెయ్యాల్సిన పని నెలన్నర ఆలస్యంగా చేశాను కాబట్టి, దాన్ని ధైర్యమని ఎప్పుడూ చెప్పుకోలేదు.

మామ్మ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చేత్తో కుడుతోంది. నేను వచ్చినా తల ఎత్తలేదు.

"నీకు తెలుసు గదా పాపా. మరేటి నోరు మూసుకున్నావు?"

"పెద్దవాళ్ళు కదా అని..."

"పెద్దోల్లు! సూది ఏ కొసన కన్నం ఉంటాదో తెల్దు, ఆల్లు పెద్దోల్లేటి? నాను ముక్క ఇచ్చింది దేనికి, సంచిలో దాసుకోడానికా?"

ఆవిడ తిట్టినంతసేపూ ఉండి, తర్వాత సూది తీసుకుని రెండో అంచు కుట్టాను.

అప్పట్లో ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలై, ఊళ్ళో సగం మంది తమ తమ పనులు వదిలి అటు వెళ్తున్నారు. రేవు గేటు దగ్గర ఖాకీ బట్టలు కుట్టే టైలరొకడు అక్కడ ఉద్యోగం దొరికి కొట్టు మూసేస్తున్నాడని ఆఫీసులో విన్నాను. మర్నాడు మామ్మని తీసుకెళ్ళాను. నల్లటి మిషను, రంగు పోయి ఇనుము తేలింది. పూలు లేవు, మీటలు లేవు. నేరుగా ముందుకు వెళ్ళడం తప్ప దానికేమీ రాదు. టైలరు దాని గొప్పలు మొదలుపెట్టబోతే మామ్మ చేత్తో ఆపింది.

"నువ్వు సెప్పకు నాయినా. దాన్నే సెప్పనీ."

చక్రం తిప్పి చెవి ఆనించి వింది. అడుగున గుడ్డని లాగే పళ్ళు అరిగాయేమోనని వేలితో తడిమింది. లావు సూది ఎక్కించమంది. అప్పుడు ఆరు పొరల గుడ్డ పెట్టి తొక్కింది. దిగింది. అంచు మడత ఎనిమిది పొరల మీద కూడా చప్పుడు మారకుండా నడిచింది. గుడ్డ తిరగేసి వెనక కుట్టు చూసి, గోరుతో దారం లాగి చూసి, అప్పుడు గాని నా వైపు చూడలేదు.

"ఇదీ మిషనంటే" అంది.

ఆ సంవత్సరం నా బోనస్ దానికే సరిపోయింది. రిక్షాలో వేసుకుని మామ్మ అరుగు మీదికి చేర్చాం. ఆపైన చాలా ఏళ్ళు ఆసుపత్రికి బొంతలు ఆ అరుగు మీద నుంచే వెళ్ళాయి. పాత గుడ్డలు పోర్టు క్వార్టర్స్‌లో ఇల్లిల్లూ తిరిగి నేనే తెచ్చేదాన్ని. సమాజం వాళ్ళ రెండు పొరల పూల బొంతలు మూడు నాలుగు తయారయ్యాక ఆగిపోయాయి. నీలం మిషను మీద ఎవరో తెల్ల గుడ్డ కప్పి పాటల పుస్తకాలు పేర్చారు. ఆ గుడ్డ వల్ల పేరు కనబడటం లేదని కాంట్రాక్టరుకి కోపం వచ్చిందట. ఆ తర్వాత ఆయన చర్చికి గోడ గడియారం ఇచ్చాడు. అది ఎలా నడిచిందో నేను అడగలేదు.

శనివారాలు మామ్మ నన్ను మిషను మీద కూర్చోబెట్టేది. నేను కుట్టిన వరస చూసి, "ఇది కుట్టా, కోడి నడకా? ఇప్పు" అనేది. నేను బ్లేడు తీసుకుని కుట్టు కుట్టుగా విప్పేదాన్ని. మళ్ళీ కుట్టేదాన్ని. ఒక్కసారి కూడా బాగుందని అనలేదు. ఎనభైల మధ్యలో ఒక శనివారం మాత్రం, నేను కుట్టిన బొంతని తిరగేసి చూసి ఏమీ అనకుండా మడిచి, ఆసుపత్రికి వెళ్ళే మూటలో పెట్టింది.