వద్దని రాసిన మెయిల్

మా చీరల వ్యాపారంలో ఎవరికీ మొహం మీద వద్దని చెప్పం. బేరం నచ్చకపోతే "చూద్దామండీ" అంటాం. ఆ మాట వినగానే ఈ చుట్టుపక్కల ఏ వ్యాపారైనా సంగతి అర్థం చేసుకుని, టీ తాగి లేచి వెళ్ళిపోతాడు. పాము చావదు, కర్ర విరగదు.

బెంగళూరు ఆవిడకు ఇదంతా ఏం తెలుసు? మా ఇంట్లో నేసిన చీరలు చాలావరకు కొనేది ఆవిడే. మరమగ్గం మీద నేయించిన చీరలకు కూడా చేనేత అని మా పేరున్న చీటీ కట్టి పంపమని మెయిల్ పెట్టింది. మా ఇంట్లో ఇంగ్లీషు వ్యవహారం నాది. మావయ్యగారు మగ్గం గుంటలోంచి తలెత్తకుండానే "చూద్దామని రాయమ్మా" అన్నారు. అలాగే రాశాను. ఒప్పుకున్నందుకు చాలా సంతోషం, సరుకు ఎప్పుడు పంపుతారని ఆవిడ జవాబిచ్చింది.

అప్పటికే నేను ఆదివారాలు బస్సెక్కి విజయవాడ వెళ్ళి అడ్వాన్స్‌డ్ ఇంగ్లీష్ రైటింగ్ కోర్సు చదువుతున్నాను. క్లాసులో అందరూ కాలేజీ లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు. మగ్గాల ఇంటి కోడలికి ఇంత ఇంగ్లీషెందుకని ఎవరూ అడగలేదు గానీ, అడుగుతారేమోనని చివరి బల్ల మీద కూర్చునేదాన్ని. నిజంగా పంపవలసిన ఉత్తరం ఒకటి రాసి తెమ్మని మేడం చెబితే బెంగళూరుకు జవాబు రాసి పట్టుకెళ్ళాను. పేజీ నిండా మర్యాదలే. మా ఇబ్బందులు, మీ ఆదరణ, దేవుడి దయ.

మేడం దాన్ని అందరి ముందూ చదివించారు. "బాగుందండీ. ఇంతకీ మీరు వద్దంటున్నారా, సరేనంటున్నారా?" అని అడిగారు.

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వద్దంటున్నానండీ" అన్నాను, అవసరమైన దానికంటే గట్టిగా.

"అయితే ఆ మాటే మొదట రాయండి. మర్యాద తర్వాత ఎంతైనా చెయ్యొచ్చు."

ఇంటికి రాగానే "మరమగ్గం చీరకి మన చీటీ కడదామా మావయ్యగారూ?" అని అడిగాను.

"ఛీ, అదేం మాటమ్మా!"

"అయితే వద్దని రాసేస్తున్నాను."

ఆయన మళ్ళీ మగ్గం గుంటలోకి దిగారు. మా ఆయన మాత్రం "కొన్నాళ్ళు ఊరుకో, ఆవిడే మర్చిపోతుంది" అన్నారు. నేను ఊరుకోలేదు. ఫోన్లోనే రాసి పంపేశాను. ఆవిడ ఫోన్లోంచి లేచొచ్చి తిడుతుందేమో అన్నట్టు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆవిడ తిట్టలేదు. జవాబూ లేదు, ఆర్డరూ లేదు. వారాలు గడిచాయి. నేసే పని లేక ముందు ఒక మగ్గం ఆగింది, తర్వాత రెండోది. చప్పుడు లేని ఇల్లు మాకు అలవాటు లేదు. తప్పు చేశానా అని రోజూ అనుకునేదాన్ని. తప్పు కాదని తెలుసు, అయినా భయం పోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన బయటపడ్డారు. "నీ ఇంగ్లీషు ధర్మమా అని ఉన్న బేరం కూడా పోయింది. ఇక ఆ క్లాసు మానెయ్."

పెళ్ళయినప్పటి నుంచీ ఇలాంటి మాటకు నా జవాబు "మీ ఇష్టమండీ" అనే.

"మాననండీ" అన్నాను.

మావయ్యగారు తలెత్తకుండా మజ్జిగ పోసుకున్నారు. మా ఆయన సగం అన్నంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. నేను లేవలేదు. ఏడుస్తూనే నా కంచంలోది పూర్తిగా తిన్నాను.