ఓబు పేరు పొట్టిదైనందుకు

ఆ రోజుల్లో కంప్యూటర్ తప్పు చెప్పదని జనం నమ్మేవారు. వాళ్లకన్నా గట్టిగా నేను నమ్మేవాణ్ణి (ఇరవై రెండేళ్ల వయసు, అనంతపురంలో ఆర్నెల్ల కోర్సు, అంతకు మించిన పొగరు). ధర్మవరంలో ఒక పట్టుచీరల షావుకారుకు ఆర్డర్లు చూసుకునే ప్రోగ్రాం రాసిచ్చాను. నేతగాడి పేరు కొడితే తెరమీద చిన్న పెట్టె వస్తుంది. లోపల అతని పేరు, పైపట్టీలో శీర్షికగా 'ఆర్డర్ ఓకే' అనో 'ఆర్డర్ క్యాన్సిల్' అనో ఇంగ్లీషులో కనిపించాలి. పెట్టె వెడల్పును లోపలి పేరుకు సరిపోయేలా కొలిచాను గానీ, పైనున్న శీర్షికను కూడా కొలవాలని తోచలేదు. పరీక్షకు ఇంటిపేరుతో సహా నా పేరే కొట్టుకున్నాను. అది బారెడు గనుక శీర్షిక దర్జాగా పట్టింది.

తనకల్లు వైపు వానల్లేక సేద్యం వదిలి, మగ్గం నేర్చుకున్నవాడు ఓబు. కొంగులో పెళ్లికూతురి పేరుతో ఒక పెళ్లిచీర నేసే పని అతనికి వచ్చింది. మొదలుపెట్టే ముందు ఒకసారి అడిగి పోదామని దుకాణానికి వచ్చాడు. అప్పటికే ఆ పెళ్లి తప్పిపోయింది, షావుకారు ఆర్డరు రద్దు చేశాడు కూడా. కౌంటరు దగ్గరుండే అక్క ఓబు పేరు కొట్టింది. రెండక్షరాల పేరుకు అగ్గిపెట్టెంత పెట్టె వచ్చింది. పైన 'ఆర్డర్' అన్న మాట, మిగతాది పట్టక పక్కన మూడు చుక్కలు. ఆర్డరు ఉందనుకుని ఆమె నేయమంది.

ఇరవై రోజులకు ఓబు చీర తెచ్చి బల్లమీద పెట్టాడు. చదువుకున్నదానివి, చూసి చెప్పొద్దా అని షావుకారు అందరి ముందూ అక్కను నిలదీశాడు. ఆమె తలొంచుకుంది. అప్పుడు అక్కడే ఉన్న నాకు, తెరమీది చుక్కలు చూడగానే సంగతి తెలిసిపోయింది. పేరునూ శీర్షికనూ రెండింటినీ కొలిచి, ఏది పెద్దదైతే దాన్ని తీసుకోమని రెండు వరుసలు రాసి, షావుకారుతో చిన్న మార్పేనని చెప్పాను.

మర్నాడు ఓబు ఇంటికి వెళ్లి అతనికి మాత్రం నిజం చెప్పాను. మగ్గం గుంటలోంచి లేవకుండానే విన్నాడు.

"నా పేరు పొట్టిదని ఇంత పనైందా సామీ?" అని నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆపి, "చీరదేముండాదిలే, ఆ పేరున్న పిల్ల యాడనో ఒగతి దొరుకుతాది. మాట పడింది ఆ యమ్మ. ఆడికి పోయి చెప్పప్పా" అన్నాడు.

వెళ్లాను, దుకాణం మెట్ల దాకా. లోపల షావుకారు నా ప్రోగ్రామును ఎవరికో పొగుడుతున్నాడు. రేపు చెబుదామనుకుని తిరిగొచ్చాను. అలాంటి రేపులు కొన్ని గడిచాక అక్క పని మానేసిందని తెలిసింది.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తారు. ఏ ప్రోగ్రాం తప్పినా ముందు నా తప్పేనంటాను. మా సారు ఎంత పెద్దమనసో అనుకుంటారు వాళ్లు. నేను నవ్వి ఊరుకుంటాను. ఆ నవ్వు ఎవరి మీదో వాళ్లకు తెలియదు.