సన్నటి మనిషి నెత్తుటిలో కొవ్వు

నర్సంపేట బస్సులో నా పక్కన కూర్చున్న ఎవరో పెద్దమ్మ చేతిలోంచి పల్లికాయలు జారిపడ్డాయి. ఆమె వాటివైపు చూడనైనా లేదు. అప్పుడే నాకు భయం వేసింది.

అంతకుముందే నవ్వుతూ చెప్పింది: “బీపీ ఉన్నదట, నెత్తుర్ల కొవ్వు గూడ ఉన్నదట. బొక్కలు తేలిన మనిషికి కొవ్వెక్కడిది బిడ్డా? గోలీలు బంద్ పెట్టిన.”

నేనూ నవ్వాను. నేనూ సన్నగానే ఉంటాను. అవే గోలీలు నాకూ రాశారు, ఇంకా మొదలుపెట్టలేదు.

ఇప్పుడు ఆమె మూతి ఒకపక్కకు వంకరపోయింది. “పెద్దమ్మా!” అని కుదిపాను. మాట రాలేదు. డ్రైవర్ బస్సును నేరుగా దవాఖానకు తిప్పాడు. స్ట్రెచర్ మీద ఆమె కుడిచెయ్యి కిందికి వేలాడుతూ పోయింది.

తర్వాత ఏమైందో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున పిల్లల ముందే నా గోలీలు మింగాను. “రోజూ నేను ఇవి మింగేదాకా మీరు బడికి కదలొద్దు” అని చెప్పాను.