తోకున్న రజాయి

శాలిబండలో దస్తగిరి దుకాణం ఎక్కడని ఎవరినీ అడగనక్కర్లేదు. దూదేకే విల్లు టుంగుటుంగుమని పిలుస్తుంది. గుమ్మంలో తెల్లటి కనుబొమ్మలతో ఆయనే కూర్చుని ఉంటాడు. ఆ తెలుపు సగం వయసుది, సగం దూదిది. నలభై ఏళ్లలో ఆయన రజాయి కప్పుకుని వణికినవాళ్లు లేరు. అయితే అవన్నీ హైదరాబాదు చలికి కుట్టినవి.

డెబ్బై నాలుగులో, సర్వే ఆఫీసులో పనిచేసే రామచంద్రరావుగారిని లడఖ్‌కు వేశారు. ఆయన భార్య బాలత్రిపురసుందరి, కాకినాడ మనిషి, దగ్గరుండి మరీ ఆయన రజాయిలో రెండింతల దూది కూరించింది.

"గట్టిగా తొక్కవయ్యా దస్తగిరీ. చలి దూరకూడదు."

గిరాకీతో లొల్లి ఎందుకని ఆయన తొక్కాడు. రజాయి బియ్యం బస్తాలా తయారైంది. అప్పట్నుంచి ఒకటే ఫికర్. మంచులో సారు వణికితే, నలభై ఏళ్ల పేరు వణికినట్టే.

మర్నాడు పొద్దున రావుగారు ఒక పత్రిక పట్టుకొచ్చి చూపించారు. ఎక్కడో ఉత్తరాన, మంచులో, తోకను ముక్కు మీదికి కప్పుకుని ముడుచుకు పడుకున్న తోడేలు బొమ్మ.

"వీపు మీద మంచు కరగలేదేంది సార్? పానం పోయిందా?"

"నిక్షేపంగా ఉంది. దానికి రెండు బొచ్చులు. పైది పొడుగ్గా ఉండి మంచును ఆపుతుంది. లోపలిది మెత్తటి ఉన్ని, దాన్నిండా గాలి చిక్కుకుని ఉంటుంది. ఆ గాలిని దాటి ఒంటి వేడి బయటికి రాదు. ఇంక మంచెలా కరుగుతుంది?"

"మరి కాళ్లో? చెప్పులు గిట్ల లేవాయె."

"కిందికి దిగే వెచ్చటి రక్తం, పైకొచ్చే చల్లటి రక్తానికి దారిలోనే వేడి పంచుతుందట. పాదాలు గడ్డకట్టకపోతే చాలు దానికి. ఇక తిండంటావా, దొరికిన రోజు కడుపు పగిలేలా, దొరకని రోజుల్లో పస్తు."

"మా బావమరిది గట్లనే సార్. దావత్ దొరికితే మూడు దినాలది ఒక్కపూటనే."

నవ్వుతూ నవ్వుతూ దస్తగిరి ఆగిపోయాడు. గాలి. తను తొక్కి తొక్కి వెళ్లగొట్టింది దాన్నే.

సారు వెళ్లగానే కుట్లు విప్పేసి, సగం దూది తీసి, మిగిలింది మళ్లీ ఏకడం మొదలుపెట్టాడు. మర్నాడు సుందరి వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"రెండింతలు వెయ్యమంటే సగం తీసేశావా? ఏమిటయ్యా ఈ అన్యాయం?"

 దస్తగిరి సోడా దుకాణం నుంచి ఐసు తెప్పించి, రెండు టిఫిను డబ్బాల్లో సమంగా వేసి మూతలు పెట్టాడు. ఒకదాన్ని తొక్కిన దూదితో, ఇంకోదాన్ని అంతే బరువున్న ఏకిన దూదితో చుట్టాడు.

"వేడిని ఆపే దూది ఏదో ఐసే చెప్తది. కూసోండమ్మా. చాయ్ తాగుండ్రి."

సాయంత్రం అసర్ నమాజు చేసొచ్చి విప్పాడు. మొదటి డబ్బాలో నీళ్లు. రెండోదాన్ని సుందరి తన చెవి దగ్గర ఆడించింది. లోపల ఐసు గడగడలాడింది.

"ఈ సంగతి ముందే ఏడవొచ్చుగా?"

"నాకూ నిన్ననే తెలిసిందమ్మా. తోడేలు చెప్పింది."

ఆ తర్వాత మూడోరోజు రజాయి అందుకుంటూ, తలవైపు మూరెడు అదనంగా వేలాడుతున్న మెత్తటి ముక్కను ఆమె పట్టి లాగింది.

"ఇదేమిటి?"

"తోక. ముక్కు మీద కప్పుకోనీకి. సారుకు లేదు గదమ్మా, నేనే కుట్టిన."