డాక్టరమ్మ దిద్దుకున్న వ్యాసం

శంషాబాద్ దవాఖానలో నేను నర్సుగా చేరిన కొత్తలో మా డాక్టరమ్మను చూసి నవ్వుకునేదాన్ని. మైక్రోస్కోపులో చూస్తున్నంతసేపూ చీర చెంగును వేలికి చుట్టుకునేవారు. అనుమానం తీరాకే విప్పేవారు.

ఆమె కోస్తా నుంచి వచ్చారు. నోటి పుండ్ల నుంచి తీసిన చిన్న ముక్కల్లో కణాలెలా ఉన్నాయో నాలుగేళ్లు పరిశీలించి, రాచపుండు మీద, అంటే క్యాన్సర్ మీద, వ్యాసం రాశారు. అది మద్రాసు వైద్యపత్రికలో అచ్చయిన రోజు మాకందరికీ జిలేబీలు పంచారు.

రాచపుండు ఉందని ఆ వ్యాసంలో డాక్టరమ్మ లెక్కగట్టిన రోగుల్లో మంఖాల్ ఊరి అవ్వ ఒకతె. పట్నం పోయి ఆపరేషన్ చేయించుకోమంటే భయపడి పోలేదు. ఏడాది తర్వాత మళ్లీ వచ్చింది.

"ఇరిగి గీసుకునే పన్ను పీకిచ్చుకున్న, పుండు మానింది. గని మల్ల ఎప్పుడొస్తదో అని పాణం గుంజుతుంది బిడ్డా," అంది.

డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి, ఆమె పుండు ముక్కతో దాచిన పాత గాజుపలక తీసి మధ్యాహ్నమంతా మైక్రోస్కోపులో చూశారు. చివరికి చెంగు విప్పారు.

"నేనే పొరబడ్డాను," అంటూ పత్రికకు ఉత్తరం మొదలుపెట్టారు.

"ఊకోండ్రమ్మా, ఎవరికి తెలుస్తది? మీ పేరు ఖరాబైతది," అన్నాను.

"నా రాత నమ్మి ఇంకో డాక్టరు ఎవరి దవడైనా కోసేస్తేనో?"

ఉత్తరం ముగించి, వెళ్లి అవ్వ చేతులు పట్టుకున్నారు.

"నీకు వచ్చింది రాచపుండు కాదవ్వా. తప్పు నాది."

ఏడాదిగా చావుకు భయపడుతున్న ఆ ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది.

"నీ తప్పు సల్లగుండ, బిడ్డా!"