ఆగి, చూసి, వెళ్ళిపోయాడు

స్కీయింగ్ నేను నలభైకి దగ్గరపడ్డాక నేర్చుకున్నాను. పిల్లల్లేని మా ఇంట్లో శని ఆదివారాలు మరీ పొడుగ్గా ఉండేవి. ఒక చలికాలం నేనూ మా ఆయనా కాలిఫోర్నియాలో మేముండే శాన్ రామన్ నుంచి తాహో కొండలకు వెళ్ళి, ఐదారేళ్ళ పిల్లల మధ్య నిలబడి, పడుతూ లేస్తూ నేర్చుకున్నాం. తరవాత ఇక వదల్లేదు. జనవరి పొద్దుటిపూట, పొడి మంచు మీద కిందికి జారుతుంటే ఒంట్లో బరువంతా ఎక్కడో పైనే వదిలేసి వచ్చినట్టుండేది. అందుకే ఏప్రిల్ నెలాఖరులో మా ఆయన స్నేహితుడు ఫోన్ చేసి, "సీజన్‌లో ఇదే లాస్ట్ వీకెండ్, అందరం కలిసి పోదాం" అంటే మా ఇంట్లో ముందు సరేనన్నది నేనే.

ఆ స్నేహితుడూ మా ఆయనా ఎమ్మెస్ చదివే రోజుల్లో ఒకే గదిలో ఉన్నారు. ఇప్పుడాయన ఒక పెద్ద కంపెనీలో డైరెక్టర్. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. ఎవరింట్లో పుట్టినరోజైనా, ఎవరి అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినా ఆయన ఉంటేనే సందడి. నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నయ్యగారూ అనేదాన్ని. ఆయన భార్యకు చలి పడదు, రాలేదు. పదహారేళ్ళ కూతురు వచ్చింది. ఆయన కార్లోనే బయలుదేరాం. ఆ పిల్ల చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని దారంతా కిటికీలోంచి చూస్తూనే ఉంది.

కారు దిగగానే ముందు తగిలింది కంపు. చలికాలమంతా మంచు కింద దాగిందంతా కరిగి బయటపడింది. కుక్కల పెంట, సిగరెట్ పీకలు, నలిగిన బీరు క్యాన్లు, ఎవరిదో ఒంటి గ్లవ్, ఎప్పటిదో డయపర్. వాటి మధ్య జనం కుర్చీలు వేసుకుని, చొక్కాలు విప్పి, మాంసం కాలుస్తున్నారు. మూడు నాలుగు స్పీకర్లలోంచి వేరువేరు పాటలు ఒకేసారి మోగుతున్నాయి. నా బూట్ల బకిల్ విరిగిపోవడంతో అద్దె బూట్లు తీసుకోవలసి వచ్చింది. కాలు లోపలికి దూర్చగానే మెత్తగా, వెచ్చగా, ఎవరిదో నిన్నటి చెమట తగిలింది. తీసి పారేద్దామనిపించింది. ఇంకో జత లేదన్నారు.

పొద్దున మంచు గాజులా గట్టిగా ఉంది. ఎండ ఎక్కేకొద్దీ మెత్తబడి, మధ్యాహ్నానికి చిక్కటి బురదలా తయారైంది. పైన్ ఆకులు, మట్టి, లిఫ్ట్ యంత్రాల నుంచి కారిన నల్లటి నూనె అందులో కలిసిపోయాయి. అలాంటి మంచు కాళ్ళకున్న స్కీ పలకలను పట్టి లాగేస్తుంది. వేగంగా వచ్చేవాళ్ళకు సమయానికి తిరగడం కష్టం. ఇది అన్నయ్యగారికీ తెలుసు, పదేళ్ళుగా స్కీయింగ్ చేస్తున్నాడు. అయినా పొద్దున్నే పార్కింగ్‌లో బీరు తెరిచాడు. నేను చూస్తున్నానని గమనించి, "స్ప్రింగ్ స్కీయింగ్ అంటేనే పార్టీ చెల్లెమ్మా" అని నవ్వాడు.

మధ్యాహ్నం తిండికి ఆగే ముందు ఒక్కసారి పైకి వెళ్ళొద్దామని నేనూ మా ఆయనా లిఫ్ట్ ఎక్కాం. తీగకు వేలాడే కుర్చీ మనల్ని మోసుకుంటూ జారే స్లోప్ మీదుగానే పోతుంది, కాళ్ళ కింద జనం స్పష్టంగా కనిపిస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ స్లోప్, పై నుంచి వచ్చే పెద్ద స్లోప్ రెండూ కింద ఒకచోట కలుస్తాయి. అక్కడ నెమ్మదిగా వెళ్ళమని పెద్ద నారింజ రంగు బ్యానర్ కట్టారు. ఆ బ్యానర్ పక్కన, ఒక అంచుకి, జీన్స్ వేసుకున్న అమ్మాయి ఒకతె నిలబడి స్కీ సరిచేసుకుంటోంది. జీన్స్ మోకాళ్ళ దాకా తడిసి నల్లబడ్డాయి.

పై నుంచి నీలం జాకెట్ ఒకటి దూసుకొచ్చింది. ఎవరో నాకు వెంటనే తెలిసింది. అన్నయ్యగారు కొత్తగా కొన్న ఆ జాకెట్ గురించి పొద్దుటి నుంచి వింటూనే ఉన్నాం. బ్యానర్ దగ్గర కూడా వేగం తగ్గించలేదు. తిరగబోయాడు, స్కీ మంచులో ఇరుక్కుంది, నేరుగా వెళ్ళి ఆ అమ్మాయిని గుద్దాడు. ఆ అమ్మాయి గాల్లోకి లేచి పక్కకి పడింది. చెయ్యి ఒంటి కింద నలిగింది. ఆయన తూలాడు గాని పడలేదు. కొంచెం కిందికి వెళ్ళి ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు. ఆ అమ్మాయి కదలడం లేదు. ఆయన అటూ ఇటూ చూశాడు. తరవాత స్కీలు కిందికి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

నేను కుర్చీలోంచే అరిచాను. ఆ స్పీకర్ల మోతలో ఎవరికీ వినపడలేదు. దూకడానికి లేదు, ఆపడానికి లేదు. ఆ కుర్చీ అలా నిదానంగా పైకి మోసుకుపోతూనే ఉంది.

"చూసి ఉండడు. ఎండ కళ్ళల్లో పడి ఉంటుంది" అన్నాడు మా ఆయన.

"ఆగాడు. ఆగి చూశాడు. మీరూ చూశారు."

మా ఆయన కుర్చీ కడ్డీ పట్టుకుని కిందికి వంగి చూశాడు.

పైకి చేరగానే వెనక్కి తిరిగి, వీలైనంత తొందరగా కిందికి వచ్చాం. ఆ అమ్మాయి చుట్టుపక్కల నుంచి జనం జారుకుంటూ పోతున్నారు. ఒకడు ఫోన్‌లో వీడియో కూడా తీసుకుంటూ పోయాడు. దగ్గరికి వచ్చేసరికి "అమ్మా... అయ్యో అమ్మా" అని వినిపించింది. పక్కనే మంచులో మోకాళ్ళ మీద కూలబడ్డాను.

"ఎక్కడ నొప్పిగా ఉందమ్మా?"

ఆ పిల్ల ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది. "మీరు తెలుగా అక్కా?"

"అవును. కదలకు."

"ఎవరో వెనక నుంచి వచ్చి గుద్దిండక్కా. నేను సైడ్‌కే ఉన్న. ఆగిండు, చూసిండు, మళ్ళ పోయిండు. చెయ్యి మస్తు నొస్తుంది." మణికట్టు దగ్గర ఎముక పక్కకి వంగి ఉంది. చూసి మొహం తిప్పుకున్నాను. "అంబులెన్స్ వద్దని చెప్పండక్కా. ఇన్సూరెన్స్ ఏం కవర్ చేస్తదో నాకు తెల్వదు. మమ్మీకి స్కీయింగ్‌కి పోతున్న అని కూడా చెప్పలే."

ఎమ్మెస్ చదువుతోందట. ఫ్రీమాంట్‌లో మరో నలుగురమ్మాయిలతో కలిసి ఉంటోంది. మంచు చూడడమే అది మొదటిసారి. తోటి అమ్మాయిలు పైన ఇంకో లిఫ్ట్ దగ్గర ఉన్నారు.

మా ఆయన పరుగున వెళ్ళి, కొండ మీద దెబ్బలు తగిలినవాళ్ళను చూసే స్కీ పట్రోల్ వాళ్ళను పిలుచుకొచ్చాడు. వచ్చినావిడ చేతికి దబ్బలు కట్టి, మంచు మీద లాగే స్లెడ్ మీద పడుకోబెట్టింది. ఎవరైనా చూశారా అని అడిగింది.

"నేను చూశాను" అన్నాను. "గుద్దినాయన ఎవరో కూడా నాకు తెలుసు. మాతోనే వచ్చారు."

మా ఆయన తెలుగులో, చిన్న గొంతుతో, "ముందు మనం మాట్లాడదాం ఆయనతో. మనం ఆయన కార్లో వచ్చాం" అన్నాడు.

ఎముక విరిగిన పిల్ల అక్కడ పడుకుని వింటోంది. ఆ మాట నోట్లోంచి రాగానే తనేమన్నాడో మా ఆయనకు అర్థమైంది. తల వంచుకున్నాడు.

లాడ్జ్ బయట బల్లల దగ్గర తండ్రీకూతుళ్ళు తింటున్నారని తెలుసు. తమ మనిషిని అక్కడికి పంపిస్తానని పట్రోల్ ఆవిడ చెప్పింది. మేము ముందు వెళ్ళాం. ఆయన ముందు చీజ్ పోసిన ఫ్రైస్ ప్లేట్, పక్కన ఇంకో బీరు. మీసానికి పసుపుపచ్చగా చీజ్ అంటుకుని ఉంది.

"ఏంటింత లేటు? చల్లారిపోతున్నాయి."

"మీరొక అమ్మాయిని గుద్దారు" అన్నాను.

నమలడం ఆపలేదు. "అదా? తనే అడ్డం వచ్చింది. బిగినర్స్‌కి అక్కడేం పని?"

"పక్కకి నిలబడి ఉంది. మీరు ఆగి, వెనక్కి చూశారు. లిఫ్ట్‌లోంచి ఇద్దరం చూశాం."

ఆయన నా వైపు కాదు, మా ఆయన వైపు చూశాడు. "బానే ఉందిగా?"

"చెయ్యి విరిగింది."

అప్పుడు ఫోర్క్ కింద పెట్టాడు. మొహంలో మొదటిసారి భయం కనిపించింది. ముందుకు వంగి, "ఎవరు? తెల్లవాళ్ళా?" అన్నాడు.

ఆ ప్రశ్న ఎందుకో నాకు ఆ క్షణాన అర్థం కాలేదు. "కాదు. తెలుగమ్మాయి. స్టూడెంట్."

ఆయన భుజాలు కిందికి దిగాయి. గట్టిగా ఊపిరి వదిలాడు. "హమ్మయ్య. భయపెట్టేశావు కదా చెల్లెమ్మా. మన పిల్లే అయితే ఏం కాదులే. తెల్లవాళ్ళయితే ఈపాటికి లాయర్‌ని పట్టుకునేవాళ్ళు. ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్ల కేసులూ గీసులూ అని తిరగదు. నేను మాట్లాడతాలే."

ఇంకో ఫ్రై తీసి చీజ్‌లో ముంచి నోట్లో పెట్టుకున్నాడు.

నాకు నిజంగానే వాంతి వచ్చినంత పనైంది. పదేళ్ళుగా ఆయనింట్లో తిన్నాను. ఆ చేత్తోనే నాకు వడ్డించాడు. ఆ పిల్ల మనది కాబట్టి తొక్కి వెళ్ళొచ్చన్నమాట. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో సిగ్గుగాని, కోపంగాని లేదు. బరువు దిగిన మనిషిలా ఉన్నాడు.

ఈలోగా ఎర్ర జాకెట్ వేసుకున్న పట్రోల్ అతను వచ్చాడు. ఆయన లేచి, మీటింగ్‌లో మాట్లాడినట్టు చక్కటి ఇంగ్లిష్‌లో, ఏదో పొరపాటు జరిగినట్టుందని, నీలం జాకెట్లు చాలామందికి ఉంటాయని చెప్పాడు. మధ్యలో నవ్వు మొహంతోనే, అవతలివాడికి తెలియని భాషలో, "నువ్వు చెప్పరా. నేనేనా?" అని మా ఆయన్ని అడిగాడు.

మా ఆయన కళ్ళు ఆ నీలం జాకెట్ మీదికి పోయాయి.

అంతవరకూ తల ఎత్తని కూతురు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. "డాడీ, స్టాప్. నువ్వే నాకు చెప్పావ్ కదా లిఫ్ట్ లైన్‌లో. ఎవరో పడిపోయింది, లెట్స్ గో ఈట్ అని చెప్పావ్."

"నువ్వూరుకో."

"నో." పిల్ల లేచి నిలబడింది. "ఆంటీ కరెక్ట్ చెప్తుంది."

అప్పుడు మా ఆయన పట్రోల్ అతని వైపు తిరిగి, "ఇట్ వాజ్ హిమ్" అన్నాడు.

ఆయన లిఫ్ట్ పాస్ తీసేసుకున్నారు, వివరాలు రాసుకున్నారు, లోపలి ఆఫీస్‌కి రమ్మన్నారు. వెళ్తూ వెళ్తూ ఆయన నా దగ్గర ఆగాడు. "ఇంత చేసి నా కార్లోనే వస్తారా?"

"రాము" అన్నాను.

తండ్రి తిరిగొచ్చేదాకా పిల్ల ఒక్కతే ఉంటుందని నేను దాని పక్కన కూర్చున్నాను. ఆయన వచ్చాక అది చెయ్యి చాచింది. "కీస్ ఇవ్వు. నువ్వు డ్రింక్ చేశావ్. నేను డ్రైవ్ చేస్తా." ఈమధ్యే లైసెన్స్ వచ్చింది దానికి. ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు.

మేము ఆ అమ్మాయిల కార్లో, దగ్గరి ఊరైన ట్రక్కీలోని ఆసుపత్రికి వెళ్ళాం. అయిదుగురు ఎక్కే కార్లో ఏడుగురం ఇరుక్కున్నాం. తడిసిన జీన్స్, సాక్సుల వాసన, ఎవరి ఒళ్ళోనో తెరవని పులిహోర డబ్బా. నేను ఆ పిల్ల చెయ్యి కదలకుండా నా ఒళ్ళో పట్టుకున్నాను. కొంతదూరం పోయాక తను అడిగింది.

"ఆయన మీ ఫ్రెండా అన్నా?"

మా ఆయన ముందు సీట్లో ఉన్నాడు. వెనక్కి తిరగలేదు. "ఇరవై ఏళ్ళ నుంచి."

"సారీ అన్నా. నా వల్ల మీకు లొల్లి అయింది."

సారీ చెప్పవలసింది ఆ పిల్ల కాదని నేనన్నాను.

మణికట్టులో ఎముక విరిగింది. అక్కడ కట్టు కట్టి పంపారు. మర్నాటి నుంచి మాకు ఫోన్లు మొదలయ్యాయి. ఆయన భార్య నాకు ఫోన్ చేసి, "పిల్ల ముందు ఆయన పరువు తీశారు వదినా. ఇంటికొచ్చి మాట్లాడుకుంటే సరిపోయేది కదా?" అని ఏడ్చింది. ఆవిడ మీద నాకు కోపం లేదు. మా తెలుగు స్నేహితుల్లో మిగతావాళ్ళు మాత్రం, "సొంతవాళ్ళనే పట్టిస్తే ఎలా" అన్నారు. సొంతవాళ్ళంటే ఎవరని అడిగితే మాట మార్చారు. గుద్దించుకున్న పిల్ల ఎలా ఉందని కూడా ఒక్కరు అడగలేదు. మమ్మల్ని పిలవడం మెల్లగా మానేశారు. మా ఆయనకు కొన్నాళ్ళు బాధగానే ఉంది. ఆదివారం సాయంత్రాలు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చునేవాడు.

చివరికి వైద్యం ఖర్చు గుద్దినాయన ఇన్సూరెన్సే పెట్టుకుందట. అది మేమక్కడ నోరు విప్పడం వల్లే జరిగింది. ఇంకొన్నాళ్ళకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, ఆయన మెసేజ్ పెట్టిండు. వాళ్ళ కంపెనీల ఇంటర్న్‌షిప్‌కి రెఫర్ చేస్తా అంటుండు. చేయించుకోనా? యాభై చోట్ల అప్లై చేసిన, ఒక్క కాల్ రాలే."

వద్దనడానికి నేనెవరిని? ఇంటర్న్‌షిప్ దొరక్కపోతే ఆ పిల్లకు ఎంత కష్టమో నాకు తెలుసు. "చేయించుకో. ఆ దెబ్బ గురించి సంతకాలేమైనా అడిగితే మాత్రం పెట్టకు" అన్నాను. ఇంటర్వ్యూలో బాగా చెప్పింది, చేరింది. ఇప్పుడు చెయ్యి బానే ఉందట, చలికి కొంచెం లాగుతుందంతే.

మొన్న మళ్ళీ మాట్లాడినప్పుడు నవ్వుతూ చెప్పింది. ఆఫీస్‌లో లంచ్‌కి వెళ్తుంటే ఆయన ఎదురై, పక్కనున్న నలుగురికీ పరిచయం చేశాడట. పాపం, ఈ అమ్మాయికి స్కీయింగ్‌లో దెబ్బ తగిలింది, మనవాళ్ళకు మనం కాకపోతే ఎవరు చేస్తారని తనే పూనుకుని లోపలికి తెచ్చానని చెప్పాడట. వాళ్ళందరూ మెచ్చుకున్నారట. ఈమధ్య పార్టీల్లోనూ ఇదే చెబుతున్నాడని అక్కడ పనిచేసే ఇంకో అమ్మాయి తనతో అందట.

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"ఏమంటనక్కా? థాంక్యూ సర్ అన్న."

తను నవ్వుతూనే ఉంది. నేను ఫోన్ పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళి, నోరు పుక్కిలించుకున్నాను.